మొహమాటపు బావి

మా అమ్మమ్మ రూబినెమ్ ఎత్తు గురించి ముందే చెప్పేస్తే మంచిది. బెంచీ మీద కూర్చుంటే ఆవిడ కాళ్లు నేలకు అందవు. సెమరాంగ్ రేవు వెనక మా సందులో ఇది ఒక రకంగా అదృష్టమే. చాలా మధ్యాహ్నాలు మా నేల మీద సముద్రం ఉంటుంది మరి.

వాన ఉండదు, మబ్బు ఉండదు. ఎండ చుర్రుమంటూనే ఉంటుంది. కాలువలో సముద్రానికి పోవలసిన నీళ్లు వెనక్కి తిరిగి, నింపాదిగా నడుచుకుంటూ వచ్చి గడప దాటుతాయి. దీన్ని మేము రోబ్ అంటాం, వరద అనం. వరద వానతో వచ్చి పోయే చుట్టం. రోబ్ అలా కాదు, ఇంట్లో మనిషి. దాని వేళలు మాకు తెలుసు, దాని వాసన మాకు తెలుసు, అది వచ్చే ముందు చెప్పులు ఎక్కడ పెట్టాలో మా కోళ్లకు కూడా తెలుసు.

ఇంటి ముందు గదే అమ్మమ్మ టీకొట్టు. రేవులో క్రేన్లు నడిపేవాళ్లు, లారీ డ్రైవర్లు, చేపలమ్మే ఆడవాళ్లు వచ్చి బెంచీల మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంటారు. కింద నీళ్లు, పైన టీ. మల్లెల వాసన వేసే చిక్కటి టీ, గ్లాసు అడుగున పటికబెల్లం ముక్క. అరటికాయ బజ్జీలు, సోయా పాలతో చేసే మెత్తటి టోఫు వేయించినది, దానికి పచ్చిమిరపకాయ. ఆ టీ కోసం రేవు అవతలి గేటు నుంచి కూడా వచ్చేవాళ్లున్నారని ఆవిడ చెప్పేది. నిజంగానే ఉన్నారు. ఎందుకు వచ్చేవారన్నది తర్వాత తేలింది.

అమ్మమ్మది లోపలి గ్రోబోగన్ వైపు పల్లె. అక్కడ ఎండాకాలం వస్తే ఆడపిల్లలు బిందె పట్టుకొని నడవడమే పని. ఆవిడ పొట్టిగా ఉండిపోవడానికి కారణం నెత్తి మీద బిందేనట. నేనెప్పుడూ నమ్మలేదు, ఎందుకంటే ఆవిడ చెల్లెళ్లు కూడా బిందెలు మోశారు, వాళ్లు తాటిచెట్లలా ఉన్నారు. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి రంగు, పొలం, మేకలు ఇవేవీ అడగలేదట. పనేంటి అని మాత్రం అడిగిందట.

"బోర్లు వేస్తాడు" అన్నారు పెద్దవాళ్లు.

"అయితే సరే" అందట.

అలా తాతయ్య వాగిమన్ వెంట ఈ ఊరు వచ్చింది. తాతయ్య ఒక బోర్ల కంపెనీలో పనిచేసేవాడు. మంచు ఫ్యాక్టరీలకు, బట్టల మిల్లులకు, హోటళ్లకు ఊరంతా బోర్లు వేశాడు. ఒక పండగ సెలవుల్లో తోటి పనివాళ్లను పిలిచి, మిగిలిన కేసింగ్ పైపులతో సొంత పెరట్లో కూడా ఒకటి దించాడు. చాలా లోతుకు పోయాక గోరువెచ్చగా, తియ్యగా నీళ్లు పడ్డాయట. చుట్టూ సిమెంటు గచ్చు పోశాడు, కొళాయి బిగించాడు. సందు మొత్తం బిందెలతో వచ్చింది. అమ్మమ్మ ఆ రోజు నుంచి బిందె ముట్టుకోలేదు. ఇంకొకళ్లు తన ఇంటికి బిందెలు పట్టుకొని రావడం చూస్తూ కూర్చోవడం ఆవిడకు ఈ లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన సరదా అయింది.

నేను పుట్టేనాటికి తాతయ్య లేడు. బోరు ఉంది. అది పెరగడం మొదలుపెట్టింది.

మొదట గచ్చుకూ నేలకూ మధ్య సన్నటి సందు కనబడింది. అందులో చీమలు చేరాయి. తర్వాత పిల్లి ఈనింది. తర్వాత కోడి పొదిగింది. ఆ తర్వాత, బజ్జీలు దొంగిలించినప్పుడల్లా, నేను దూరేదాన్ని. గొట్టం గచ్చును టోపీలా నెత్తిన పెట్టుకొని గాల్లో నిలబడింది. కొళాయి అందడానికి అమ్మమ్మ మొదట పీట వేసుకుంది, తర్వాత చేపల పెట్టె వేసుకుంది.

"మీ తాత మాట ఇచ్చాడు" అనేది నీళ్లు పడుతూ. "నేను పోయినా ఇది పోదు అన్నాడు. చూడు, పోకపోగా పెరుగుతోంది."

గురువారం సాయంత్రాలు, మా వైపు పోయినవాళ్లను తలుచుకునే వేళ, గొట్టం కింద గులాబీ రేకులు కూడా చల్లేది. సందులో అందరూ వచ్చి మెచ్చుకునేవారు. అంతలో రోబ్ మాత్రం ఏటికేడాది ఎక్కువ దూరం రావడం మొదలైంది. మేం కూల్చిన ఇళ్ల ఇటుక ముక్కలు తెచ్చి నేల పెంచేవాళ్లం. నేల పెరిగినా కప్పు అక్కడే ఉంటుంది కదా. మా కొట్టుకు వచ్చి నుదుటి మీద బొప్పి కట్టించుకోని మగాడు లేడు. "లోపలికొచ్చేటప్పుడు తల వంచితే పోయేదేం లేదు, అది మర్యాద" అనేది అమ్మమ్మ, వంచాల్సిన అవసరం లేని తలతో.

కిందటేడు మా సందుకు పెద్ద అయిన పాక్ సుగేంగ్ ఒక కబురు తెచ్చాడు. మా దగ్గర పెద్దాయనల పేరు ముందు పాక్ అంటాం, కుర్రవాళ్ల పేరు ముందు మాస్ అంటాం. ఊరు సముద్రానికి కట్ట వేస్తోంది. కాలువకు తలుపు, తలుపు పక్కన నీళ్లు ఎత్తిపోసే పెద్ద పంపు. కట్ట సరిగ్గా మా పెరటి వెనక నుంచి పోవాలి. దాంతోపాటు, ఇప్పటిదాకా కొన్ని ఇళ్లకే వస్తున్న కొండ వైపు కొళాయి నీళ్లు ఇక ఇంటింటికీ వస్తాయి. కాకపోతే కట్ట పక్కన బోర్లు ఉండకూడదు. మిగతా సందుల్లో ఉన్నవి మూసేశారు. మా సందులో ఉన్నది ఒక్కటే, దాన్ని మూసేదాకా మా వైపు కట్ట పని ఆగుతుంది.

"మూయమని ఎవరన్నారు?" అంది అమ్మమ్మ.

"నేననలేదు బూ" అన్నాడు పాక్ సుగేంగ్ వెంటనే. పెద్దావిడను బూ అనకుండా ఒక్క వాక్యం కూడా మొదలుపెట్టలేడు, ముగించలేడు. "ఆఫీసు వాళ్లంటున్నారు. వచ్చి చెబుతారు. మీ వీలు చూసుకొని. తొందరేం లేదు బూ."

తొందర లేదంటూనే ఆయన లుంగీ మోకాళ్లదాకా ఎత్తి కట్టుకున్నాడు, కింద నీళ్లు పారుతున్నాయి మరి.

ఆఫీసు నుంచి మాస్ హర్దియాన్ అనే కుర్ర ఇంజినీరు వచ్చాడు. తలుపు దగ్గర నుదురు తగిలించుకొని, బెంచీ మీద కాళ్లు కిందికి వదిలి కూర్చుని, టీ అందుకున్నాడు. ఒక గుక్క తాగి గ్లాసులోకి ఒకసారి చూశాడు. పాక్ తస్రిప్ కాలు దించి, కింద నీళ్లలోనే అతని కాలు తొక్కాడు. పాక్ తస్రిప్ క్రేన్ నడిపి రిటైరైన మనిషి, మా కొట్టులో పొద్దుటి మొదటి గ్లాసు ఆయనదే. ఎందుకు తొక్కాడో నాకప్పుడు అర్థం కాలేదు. కుర్రాడు మాత్రం పటికబెల్లం ఇంకో ముక్క వేసుకొని తాగేశాడు.

"గొట్టం పెరగడం లేదు బూ" అన్నాడు నెమ్మదిగా. "అది ఎక్కడుందో అక్కడే ఉంది. దాని కాలు అడుగున గట్టి నేల మీద ఆనింది. మనం కిందికి పోతున్నాం."

"నేను పుట్టినప్పట్నుంచీ ఇంతే ఎత్తు నాయనా. కిందికి పోయే పనైతే ఈపాటికి కనబడను."

అతను నవ్వాడు. పళ్లెంలో టోఫు ముక్క తీసుకొని దానిలో పచ్చిమిరపకాయ నిలువుగా గుచ్చాడు. చెంచా వెనక వైపుతో టోఫును చుట్టూ అదిమాడు. నీళ్లు పళ్లెంలోకి కారాయి, టోఫు అణిగింది, మిరపకాయ పైకి పొడుచుకొచ్చింది.

"ఇది మన నేల. నదులు తెచ్చి పోసిన బురద. లోపల నీళ్లుంటేనే ఉబ్బి ఉంటుంది. ఆ నీళ్లు తోడేశాం, పైన గోడౌన్లు కట్టాం, అణిగింది. సముద్రం కాస్త పెరిగింది, మనం చాలా దిగాం. మిరపకాయ కదలలేదు చూడండి."

కొట్టులో అందరూ ఆ మిరపకాయనే చూస్తున్నారు. అమ్మమ్మ ముందుకు వంగి, దాన్ని పీకి, టోఫుతో సహా నోట్లో వేసుకొని నమిలింది.

"నా కొట్టులో తిండితో ఆటలాడకు" అంది. "అంటే ఏంటి, మా ఆయన ఊరిని ముంచాడంటావా? ఆయన ఊరికి నీళ్లిచ్చాడు."

"అలా అనలేదు బూ. మీ ఒక్క బోరు వల్ల ఏమవుతుంది. మిల్లులు, హోటళ్లు తాగినన్ని నీళ్లు మీ సందు వందేళ్లయినా తాగదు."

"అయితే వెళ్లి వాళ్ల టోఫులో గుచ్చు మిరపకాయ."

"గుచ్చాం బూ. రేవు రోడ్డు మీద పెద్ద హోటల్ బోర్లు మూసే వచ్చాను."

ఆ మాటకు అమ్మమ్మ గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది.

ఆ వారమే సందులో అందరూ మా కొట్టులోనే సమావేశమయ్యారు. పాక్ సుగేంగ్ కట్ట గురించి చాలాసేపు మాట్లాడాడు. ఎంత చుట్టూ తిప్పి మాట్లాడాడంటే, బోరు అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. చివరికి అమ్మమ్మే చేపల పెట్టె ఎక్కి నిలబడింది.

"సూటిగా అడుగుతున్నా. ఈ నీళ్లు మానేసి, కొళాయి నీళ్లతో నేను టీ పెడితే మీలో ఎవరు తాగుతారు?"

అందరూ నీళ్లలోకి చూశారు.

"మీ టీ మీ టీయే బూ" అన్నాడు పాక్ తస్రిప్ ఆఖరికి, గొంతు సవరించుకొని.

"మీ నీళ్లు లేకపోతే మాకు తెల్లవారదు" అంది చేపలమ్మే కస్మిరా, మా పక్కింటావిడ. ఆవిడ ఇంటికి కొళాయి ఎప్పుడో వచ్చేసింది. అయినా ప్రతి పొద్దునా బకెట్ తెచ్చి మా బోరు నీళ్లు పట్టుకెళ్లేది.

"విన్నారుగా" అంది అమ్మమ్మ పాక్ సుగేంగ్‌తో. ఆయన తల ఊపి, వినయంగా నవ్వి, కట్ట కాగితాలు చంకలో పెట్టుకొని నీళ్లలో నడుచుకుంటూ పోయాడు.

అక్కడ ఆవిడ ఏం కాపాడుతోందో నాకు బాగా తెలుసు. తాతయ్య గుర్తు, గులాబీ రేకులు, అవన్నీ పైకి చెప్పేవి. లోపల భయం వేరు. మా అమ్మ పొద్దున్నే బట్టల మిల్లుకు పోతుంది, నాకు తొమ్మిదో తరగతిలోనే బడి మీద, బడికి నా మీద విసుగు పుట్టింది. ఇల్లు నిలబడింది అమ్మమ్మ టీ మీద. ఆ టీ రుచి చెడితే మనుషులు రారు. మనుషులు రాకపోతే ఆవిడ మూలన కూర్చునే ముసలమ్మ. మూలన కూర్చునే ముసలమ్మలంటే ఆవిడకు రోబ్ కన్నా భయం.

రోబ్ మాత్రం ఎవరి భయాన్నీ పట్టించుకోలేదు. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం నీళ్లు పొయ్యిదాకా వచ్చాయి. గ్యాస్ సిలిండర్ తేలింది. అరటికాయల గంప తలుపులోంచి బయటికి పడవలా పోతుంటే నేను వెంటబడ్డాను. తిరిగి వచ్చేసరికి అమ్మమ్మ అరుగు మీద, కప్పుకు తల తగిలేంత దగ్గరగా నిలబడి ఉంది. ఆవిడ తల కప్పుకు అంత దగ్గరగా రావడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వుదామనుకున్నాను. ఆవిడ ముఖం చూసి నవ్వలేదు.

మర్నాడు తెల్లవారుజామున లేచి చూస్తే, అమ్మమ్మ కస్మిరా ఇంటి కొళాయి కింద దొంగలా కుండ నింపుతోంది.

"నోర్ముయ్" అంది నేనేం అనకముందే.

కొళాయి నీళ్లతో టీ పెట్టింది. గుక్క తాగి ఊసింది. ఆసుపత్రి గచ్చు వాసనంది. మర్నాడు నీళ్లు రాత్రంతా మూత లేని మట్టికుండలో ఉంచింది. వాసన పోయింది. తాగి, నాలుక మీద కాసేపు తిప్పి, తల అడ్డంగా ఊపింది.

"ఏదో తక్కువైందే తితిక్. నువ్వు తాగు."

తాగాను. నిజమే. మన టీ కాదు. టీ ఆకు ఎక్కువ వేశాం, తక్కువే. రెండుసార్లు మరిగించాం, తక్కువే. అల్లం వేసింది, దాల్చినచెక్క వేసింది, నిమ్మగడ్డి వేసింది. తలనొప్పి మందులా తయారైంది కానీ మన టీ కాలేదు. ఇలా రోజూ తెల్లవారుజామున, కొట్టు తీయకముందు, ఇద్దరం గ్లాసులు ముందు పెట్టుకొని కూర్చునేవాళ్లం. పగలు ఆవిడ పాత నీళ్ల టీయే పోసేది, ఏం జరగనట్టు.

"ఆ నీళ్లలో మీ తాత చెయ్యి ఉందే" అంది ఒక రోజు నీరసంగా. "అది ఎక్కడ దొరుకుతుంది?"

గూట్లో డబ్బాలన్నీ అయిపోయాయి. ముట్టుకోనివి రెండే మిగిలాయి, రొయ్యల ముద్ద, ఉప్పు. రొయ్యల ముద్ద వేస్తే చీపురు తిరగేస్తుంది. అందుకని, ఆవిడ అటు తిరిగినప్పుడు, కాస్త అల్లరికే, ఆవిడ గ్లాసులో చిటికెడు ఉప్పు వేశాను.

ఇటు తిరిగి తాగింది. గ్లాసు దించలేదు. మళ్లీ తాగింది. కళ్లు మెరిశాయి.

"ఇదే. ఇదే మన టీ. ఏం వేశావే?"

పారిపోవడానికి వీలుగా తలుపు వైపు జరిగాను. "ఉప్పు."

"ఏంటి?"

"ఉప్పు అమ్మమ్మా. చిటికెడే."

ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లింది. చేపల పెట్టె ఎక్కి, కొళాయి తిప్పి, దోసిట్లో బోరు నీళ్లు పట్టింది. తాగింది. తర్వాత కస్మిరా కుండలో నీళ్లు తాగింది. మళ్లీ బోరు నీళ్లు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సముద్రం ఆ గొట్టంలోకి కూడా దిగి వచ్చింది. రోజూ అవే తాగే నాలుకలకు అది తెలియలేదు. నాకైతే పుట్టినప్పట్నుంచీ టీ అంటే అదే రుచి.

"మనకు తెలియలేదు సరే" అంది అమ్మమ్మ కొళాయి కట్టేసి. "మరి వాళ్లకు?"

ఆ పొద్దున పాక్ తస్రిప్ వచ్చి తన చోట కూర్చున్నాడు. అమ్మమ్మ కుండ నీళ్లతో పెట్టిన టీ, ఉప్పు లేకుండా, ఆయన ముందు పెట్టి ఎదురుగా నిలబడింది. ఆయన అలవాటుగా పటికబెల్లం డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. ముందు ఒక గుక్క తాగాడు. ఆగాడు. డబ్బా మూత నెమ్మదిగా పెట్టేశాడు. గ్లాసు మొత్తం ఒక్క బిగిన తాగి, ఎప్పుడూ లేనిది, "ఇంకోటి పెడతారా బూ?" అన్నాడు.

"ఎన్నాళ్లుగా?" అంది అమ్మమ్మ.

"ఏది బూ?"

"ఉప్పు."

పాక్ తస్రిప్ ఖాళీ గ్లాసులోకి చూశాడు. పక్కన లారీ డ్రైవర్లు తమ గ్లాసుల్లోకి చూశారు. కస్మిరా బకెట్‌తో అప్పుడే వచ్చి, పరిస్థితి కనిపెట్టి, వెనక్కి తిరగబోయింది.

"ఆగు" అంది అమ్మమ్మ. "నువ్వు రోజూ పట్టుకెళ్లే నీళ్లేం చేస్తున్నావు?"

"చేపల గంపలు కడుగుతా బూ" అంది కస్మిరా, ఏడుపు గొంతుతో. "బాగా కడుగుతాయి. అబద్ధం కాదు."

"తాగడానికి?"

"తాగడానికి... మొహమాటం బూ. మీరంత ఆప్యాయంగా పట్టుకోమంటే ఎలా చెప్పను?"

ఇక అందరూ నోళ్లు విప్పారు. మొదట కొంచెమే ఉండేదట, లెక్కచేయలేదట. తర్వాత బెల్లం ఇంకో ముక్క వేసుకుంటే సరిపోయేదట. ఒక కొత్త డ్రైవర్ ఒకసారి "ఇది టీయా, సూపా" అన్నాడట, అతన్ని బయటికి తీసుకెళ్లి బుద్ధి చెప్పారట. సమావేశం రోజు "కొళాయి నీళ్ల టీ ఎవరు తాగుతారు" అని ఆవిడ అడిగితే, నేను నేను అని అరవాలని అందరికీ ఉందట.

"మరి ఇన్నాళ్లూ ఎందుకొచ్చారు?" అంది అమ్మమ్మ.

"మీ తిట్ల కోసం బూ" అన్నాడు పాక్ తస్రిప్. "అవింకెక్కడా దొరకవు."

ఆవిడ నోరు తెరిచింది. ఏ తిట్టూ రాలేదు. నేను ఆవిడను ఎరిగినప్పట్నుంచీ అదొక్కసారే. గబగబా లోపలికి పోయింది. ఏడుస్తోందేమోనని వెనకే వెళ్లాను. పొయ్యి ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కుదురు లేకుండా నవ్వుతోంది. గుండె మీద నుంచి బియ్యం బస్తా దించినట్టు ఊపిరి తీసింది.

"కొళాయి నీళ్లు చాలే" అంది. "కొళాయి నీళ్లు చాలు. పాక్ సుగేంగ్‌ను పిలువు. చుట్టూ తిప్పి మాట్లాడకుండా రమ్మను."

బోరు మూసే రోజు మాస్ హర్దియాన్ పనివాళ్లతో వచ్చాడు. గొట్టంలోకి సిమెంటు పోశారు, పైన మిగిలింది కోసేశారు. అమ్మమ్మ గొట్టాన్ని చేత్తో తట్టి, "నువ్వు పెరగలేదట. నన్ను మోసం చేశావు" అంది. గులాబీ రేకులు మాత్రం చల్లింది. తర్వాత పనివాళ్లకు టీ పోసింది. వాళ్లలో ఒకడు గ్లాసు చాపి మళ్లీ అడిగితే నా వైపు చూసి కనుబొమలెగరేసింది.

కట్ట వచ్చింది, తలుపు వచ్చింది, పంపు వచ్చింది. పున్నమి రోబ్ వచ్చిన మధ్యాహ్నం సందు సందంతా కట్ట ఎక్కి చూసింది. అవతల సముద్రం మా ఇళ్ల కిటికీలంత ఎత్తులో ఉంది. ఇవతల సందు పొడిగా ఉంది. పంపు గురక పెడుతోంది. దిగిన నేల తిరిగి లేవదని, ఇక దిగడం నెమ్మదిస్తుందని మాత్రమే ఆశ అని మాస్ హర్దియాన్ చెప్పాడు. "నెమ్మదిస్తే చాలు, మాకు నెమ్మదిగా పోవడం అలవాటే" అన్నాడు పాక్ సుగేంగ్. కోళ్లు రోబ్ వేళకు అలవాటుగా అరుగెక్కి, కింద నీళ్లు కనబడక, చాలాసేపు అక్కడే అనుమానంగా నిలబడ్డాయి.

కొట్టులో అమ్మమ్మ కొత్త చట్టం పెట్టింది. ఇక్కడ మొహమాటం పనికిరాదు, ఏది ఎలా ఉంటే అలా చెప్పాలి. ఆ చట్టం పెట్టినందుకు వారం తిరగకుండా బాధపడింది. బజ్జీల్లో పిండి ఎక్కువని ఒకడన్నాడు. బెంచీ మేకు గుచ్చుకుంటోందని, ఆ మేకు ఎప్పట్నుంచో ఉందని ఇంకొకడన్నాడు. ఇంత వయసొచ్చాక కూడా ఆ పాటలు అంత గట్టిగా పాడక్కర్లేదని కస్మిరా అంది. అమ్మమ్మ ఒక్కొక్కరికీ సరైన జవాబే ఇచ్చింది, ఇక్కడ రాయలేను.

నిన్న పొద్దున పాక్ తస్రిప్ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు.

"చెప్పండి" అంది అమ్మమ్మ చేతులు నడుము మీద పెట్టుకొని. "ఇవాళ ఏం వంక?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే వెతికాడు పాపం.

"ఏం లేదు బూ. బాగుంది."

అమ్మమ్మ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత ఇంకో గ్లాసు తెచ్చి, తన కోసం పోసుకొని, ఆయన పక్కనే బెంచీ ఎక్కి కూర్చుంది.